వరంగల్ నుంచి డాక్టరేట్: బయటి సంస్థలో పరిశోధన ఎక్కడ, ఎంతకాలం?

వరంగల్‌లో ఇంజనీరింగ్ డాక్టరేట్ చేస్తున్న చాలామందికి మూడో ఏడు వచ్చేసరికి పని ఒకచోట ఆగుతుంది. నమూనాలు సిద్ధంగా ఉంటాయి, చెప్పదలచుకున్న విషయమూ ఒక కొలిక్కి వస్తుంది, కానీ దాన్ని రుజువు చేసే పరికరం మన దగ్గర ఉండదు. ఉన్నా వరుస నెలల తరబడి సాగుతుంది, లేదా ఆ పద్ధతి చేతికి అబ్బిన మనిషి మరో ఊళ్ళో ఉంటారు. అప్పుడు బయటి సంస్థకు వెళ్ళాలన్న ఆలోచన మొదలవుతుంది. ఒకరు కందిలోని ఐఐటీ హైదరాబాద్‌కు వెళ్ళమంటారు, ఇంకొకరు బెంగళూరు ఐఐఎస్సీ అంటారు, అమెరికా వెళ్ళివచ్చిన సీనియర్ ఒకరు ఫుల్‌బ్రైట్ ఫెలోషిప్ గురించి చెబుతారు. ముగ్గురి మాటా వాళ్ళ వాళ్ళ థీసిస్‌కు నిజమే కాబట్టి వినేవారికి ఎటూ తేలదు.

నేను రామగుండం ఎన్టీపీసీ బూడిదతో జియోపాలిమర్ కాంక్రీటు (సిమెంటుకు బదులు బూడిదను సోడియం క్షారంతో గట్టిపరిచేది) మీద పనిచేసి ఐదున్నరేళ్ళకు డాక్టరేట్ పూర్తి చేశాను. ఆ కాలంలో నమూనాలు కొరియర్‌లో పంపాను, హైదరాబాద్‌కు తిరిగాను, దక్షిణాదిలోని ఒక సంస్థలో ఏడు వారాలు ఉన్నాను. విదేశానికి నేను వెళ్ళలేదు; నా పక్క బల్లల మీద పనిచేసిన ఇద్దరు వెళ్ళివచ్చారు, వాళ్ళ కాగితాల పని మొదటినుంచి చివరిదాకా దగ్గరుండి చూశాను. ఈ పోలిక ఆ అనుభవం నుంచి రాస్తున్నది. ఎవరైనా స్కాలర్ నన్ను "ఎక్కడికి వెళ్ళమంటారు?" అని అడిగితే నేను మొదట అడిగేది "మీ థీసిస్‌లో ఎన్నో అధ్యాయం ఖాళీగా ఉంది?" అనే. ఆ అంకె చెప్పగలిగినవారికి సంస్థ దానంతట అదే తేలుతుంది. చెప్పలేనివారు ఇంకో రెండు నెలలు గైడ్‌తో కూర్చోవడం మేలు.

## ముందుగా తేల్చుకోవలసినవి

మొదటిది, కావలసింది కొలతా, నైపుణ్యమా, మార్గదర్శకత్వమా అన్నది. ఒక పరికరం మీద ఇరవై నమూనాల కొలత మాత్రమే కావాలంటే దానికోసం ఆరునెలలు ఇల్లు విడవనక్కర్లేదు. ఒక పద్ధతి నేర్చుకుని దానితోనే మిగతా పని అంతా చేయాలంటే వారాలు సరిపోతాయి. థీసిస్ దిశే మరొక ప్రొఫెసర్ ఆలోచనతో ముడిపడి ఉంటే మాత్రం నెలలు కావాలి, ఆయన్ను కో-గైడ్‌గా తీసుకునే సంగతి కూడా అప్పుడే మాట్లాడాలి. ఈ మూడింటిని కలిపేయడం వల్లే ఎక్కువమంది తప్పు మార్గం ఎంచుకుంటారని నా అభిప్రాయం.

రెండోది మిగిలి ఉన్న కాలం. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్ళు, గరిష్ఠంగా ఆరేళ్ళు. పునర్నమోదుతో మరో రెండేళ్ళు దొరకవచ్చు, మహిళలకూ నలభై శాతానికి మించిన వైకల్యం ఉన్నవారికీ ఇంకో రెండేళ్ళు అదనం. కాకతీయ విశ్వవిద్యాలయంలో నమోదైనవారు ఈ లెక్క చూసుకోవాలి. నిట్‌లకు సొంత ఆర్డినెన్సులు, అంటే నియమావళులు, ఉంటాయి కాబట్టి నిట్ వరంగల్ స్కాలర్లు తాము చేరిన ఏడాదికి వర్తించే ఆర్డినెన్సునే తీసి చదవాలి. సీనియర్ చెప్పిన గడువును నమ్ముకోకూడదు. బయట గడిపే కాలం సాధారణంగా ఈ గడువులోనే లెక్కకు వస్తుంది, గడియారం ఆగదు.

మూడోది డబ్బు. కేంద్ర విద్యాశాఖ ఫెలోషిప్ 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్ళు నెలకు 37,000 రూపాయలు, ఆ తర్వాత 42,000. బయటి ఊళ్ళో రోజుకు 700 రూపాయల గది తీసుకుంటే నెలకు 21,000 అవుతుంది, అంటే 42,000లో సరిగ్గా సగం. భోజనం, ప్రయాణం, పరికరం రుసుము దానికి పైన. ఇక్కడి హాస్టల్ గది అద్దె కూడా అలాగే నడుస్తుంటుంది. వెళ్ళేముందు మెస్ రిబేటుకు (తినని రోజుల భోజనం బిల్లు తగ్గింపుకు) దరఖాస్తు పెట్టుకోవడం చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ రెండు నెలలకు అది గుర్తుండే మొత్తమే.

నాలుగోది గైడ్ సమ్మతి, డీఎస్సీ అనుమతి. డీఎస్సీ అనగానే మన జిల్లాల్లో అందరికీ ఉపాధ్యాయ నియామకాలు గుర్తుకొస్తాయి. ఇక్కడ నేనంటున్నది డాక్టోరల్ స్క్రూటినీ కమిటీ. బయటి పర్యటనను ఆ కమిటీ సమావేశం మినిట్స్‌లో రాయించుకోవాలి. నోటిమాటగా "వెళ్ళిరా" అన్న అనుమతితో వెళ్ళి, తీరా సినాప్సిస్ (థీసిస్‌కు ముందు ఇచ్చే సారాంశం) సమయంలో ఆ నెలల హాజరు ప్రశ్నగా మారిన సందర్భం నాకు తెలుసు.

ఐదోది ఇల్లు. పెద్దవాళ్ళ ఆరోగ్యం, చిన్నపిల్లలు, ఉద్యోగం, ఇంటి ఈఎంఐ, వీటిని పరిశోధనకు సంబంధం లేని విషయాలుగా పక్కన పెట్టడం వల్ల మధ్యలో తిరిగి వచ్చేయవలసి వస్తుంది. సగంలో ఆగిన పర్యటన నుంచి థీసిస్‌కు దాదాపు ఏమీ మిగలదు.

## ఒక్క చూపులో

| మార్గం | అక్కడ ఉండే కాలం | ముందస్తు ఏర్పాటు | ఖర్చు | బాగా కుదిరే పని | ప్రధానమైన ఇబ్బంది |
|---|---|---|---|---|---|
| నమూనాలు పంపడం | అక్కర్లేదు | కొన్ని వారాలు | పరీక్ష రుసుము, జీఎస్టీ | మామూలు కొలతలు | ఏం జరిగిందో మనకు కనబడదు |
| హైదరాబాద్ రాకపోకలు | విడివిడి రోజులు | ఒకటి రెండు నెలలు | రుసుము, ప్రయాణం | మళ్ళీమళ్ళీ చేయవలసిన కొలతలు | అలసట, పని తెగిపోవడం |
| దేశంలోని జాతీయ కేంద్రం | 1–8 వారాలు | మూడు నుంచి ఆరు నెలలు | తరచు తక్కువ | అరుదైన పరికరం, కొత్త పద్ధతి | ప్రతిపాదన నెగ్గాలి |
| మరో సంస్థలో ఒక సెమిస్టర్ | 4–6 నెలలు | ఆరు నెలలు | బస, భోజనం మనవే | కో-గైడ్‌తో కలిసి ఒక పూర్తి అధ్యాయం | ఇద్దరు గైడ్‌ల మధ్య సమన్వయం |
| విదేశీ ఫెలోషిప్ | 6–12 నెలలు | ఏడాదికి పైగా | ఫెలోషిప్ భరిస్తుంది | దిశను మార్చే సహకారం | గడువు, వీసా, ఎంపిక పోటీ |

పట్టికలోని కాలాలు నేను చూసిన పర్యటనల మీద వేసిన అంచనాలు. విభాగాన్ని బట్టి అటూ ఇటూ అవుతాయి.

## నమూనాలు పంపడం

దీన్ని చాలామంది ఎంపికగానే లెక్కించరు. కానీ ఎక్కువమందికి మొదట సరిపోయేది ఇదే. దేశంలోని పరిశోధన పరికరాల వివరాలను ఒకచోట చేర్చిన ఐ-స్టెమ్ పోర్టల్ 2020 నుంచి ఉంది. అందులో కావలసిన పరికరం ఎక్కడుందో వెతికి, రుసుము చూసి, సమయం కోరవచ్చు. శాస్త్ర సాంకేతిక శాఖ సహాయంతో నడిచే సైఫ్ (అధునాతన విశ్లేషణ పరికరాల) కేంద్రాలు ఐఐటీ మద్రాసు, ఐఐటీ బాంబే వంటి చోట్ల బయటివారి నమూనాలను తీసుకుంటాయి. విద్యాసంస్థలకు రుసుము పరిశ్రమలకన్నా తక్కువ ఉంటుంది.

దీని లోపం నాకు స్వయంగా తెలిసింది. జియోపాలిమర్‌లో బూడిదతో కలిసిపోని సోడియం కొంత మిగులుతుంది. తేమ తగిలితే అది ఉపరితలానికి వచ్చి గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి తెల్లటి కార్బనేటు పొరగా మారుతుంది. నేను జూలైలో, ముసురు పట్టిన వారంలో, పద్నాలుగు ముక్కలను మామూలు జిప్ కవర్లలో పెట్టి ఒక సంస్థకు పంపాను. వాళ్ళు కవర్లు విప్పింది పన్నెండు రోజుల తర్వాత. వచ్చిన ఎక్స్‌రే వివర్తన పటంలో (పదార్థంలో ఏ స్ఫటికాలున్నాయో చెప్పేది) నేను వెతుకుతున్న స్ఫటిక దశల పక్కన సోడియం కార్బనేటు శిఖరాలు నిటారుగా నిలబడి ఉన్నాయి. నమూనా పాడయిందా, మిశ్రమంలోనే లోపం ఉందా అన్నది ఆ పటం చూసి ఎవరూ చెప్పలేరు. మళ్ళీ పోత పోసి, ఇరవై ఎనిమిది రోజులు ఆగి, ఈసారి ముక్కలను ఐసోప్రొపనాల్‌లో నానబెట్టి చర్య ఆపి, ఆరబెట్టి, సిలికా జెల్ సంచులతో గాలి చొరని డబ్బాలో బిగించి పంపేసరికి రెండు నెలలు పోయాయి. తప్పు పూర్తిగా నాదే. అయినా నేనే నమూనాతోపాటు వెళ్ళి ఉంటే మొదటి గంటలోనే ఆ తెల్లదనం కంటబడేది.

అందుచేత నమూనా ప్రయాణంలో మారనిదైతే, కొలత అందరికీ తెలిసిన మామూలుదైతే పంపండి. నమూనా తేమకో వేడికో గాలికో స్పందించేదైతే, లేదా ఫలితం చూసి అప్పటికప్పుడు తర్వాతి కొలత నిర్ణయించవలసి ఉంటే వెళ్ళండి.

కంప్యూటర్ సిమ్యులేషన్ మీద పనిచేసేవారికి ప్రయాణం ప్రశ్నే చాలావరకు రాదు. జాతీయ సూపర్‌కంప్యూటింగ్ మిషన్ కింద ఐఐటీ హైదరాబాద్‌లో పరమ్ సేవ, ఐఐఎస్సీలో పరమ్ ప్రవేగ ఉన్నాయి. అనుమతి దొరికితే హనుమకొండలోని గదిలోంచే లాగిన్ అయి పని పంపించవచ్చు.

## హైదరాబాద్ రాకపోకలు

కాజీపేట నుంచి సికింద్రాబాద్ నూటముప్ఫై కిలోమీటర్లు, ఉదయం బండి ఎక్కితే పనివేళకు చేరవచ్చు. కానీ హైదరాబాద్ అంటే ఒక్కచోటు కాదని వెళ్ళాక గానీ తెలియదు. వరంగల్ బస్సు దించేది ఉప్పల్ వైపు. పౌడర్ మెటలర్జీ, కొత్త పదార్థాల మీద పనిచేసే ఏఆర్‌సీఐ ఉన్న బాలాపూర్, రక్షణ లోహశాస్త్ర ప్రయోగశాల డీఎంఆర్ఎల్ ఉన్న కంచన్‌బాగ్ అక్కడినుంచి ఎల్బీనగర్ మీదుగా దగ్గర. రసాయన సంబంధమైన పని ఉంటే తార్నాకలోని ఐఐసీటీ దారిలోనే తగులుతుంది. ఐఐటీ హైదరాబాద్ మాత్రం సంగారెడ్డి జిల్లా కందిలో, పటాన్‌చెరు దాటాక ఉంది. వరంగల్ నుంచి ఉదయం వెళ్ళి సాయంత్రం రావాలనుకుంటే పరికరం దగ్గర కన్నా బస్సులోనే ఎక్కువసేపు గడుస్తుంది. కందిలో పని ఉన్నవారు వారానికి రెండు మూడు రోజులు అక్కడే ఉండేలా చూసుకోవాలి.

రక్షణ ప్రయోగశాలల సంగతి వేరు. అక్కడికి ముందస్తు అనుమతి పత్రం లేకుండా గేటు దాటలేరు, ఫోన్ బయటే ఇచ్చి వెళ్ళాలి, పెన్‌డ్రైవ్‌లో డేటా తెచ్చుకోవడం మామూలుగా కుదరదు, అక్కడి ఫలితాలతో పేపర్ రాస్తే ప్రచురణకు వాళ్ళ అనుమతి రావాలి. ఆ అనుమతికి పట్టే నెలలను కూడా మీ గడువు లెక్కలో కలుపుకోండి. లోహశాస్త్రంలో పనిచేసేవారికి అక్కడ దొరికే పరిజ్ఞానం గొప్పది, నేను వద్దనను. ఒక్క అధ్యాయం మొత్తాన్ని మాత్రం దానిమీదే ఆధారపెట్టవద్దంటాను.

ఈ మార్గం అసలు బలం మళ్ళీ వెళ్ళగలగడంలో ఉంది. మొదటిసారి సరిగా రాని కొలతను రెండు వారాల తర్వాత సరిచేసుకోవచ్చు. బెంగళూరు నుంచో విదేశం నుంచో వచ్చేశాక ఆ అవకాశం ఉండదు.

## దేశంలోని జాతీయ కేంద్రాలు

నా దృష్టిలో వరంగల్ స్కాలర్లు అందరికన్నా తక్కువగా వాడుకుంటున్నది ఇదే. సెమీకండక్టర్ పరికరాలు, సెన్సర్లు, సన్నటి పొరల మీద పనిచేసేవారి కోసం ఎలక్ట్రానిక్స్, ఐటీ మంత్రిత్వ శాఖ ఇనప్ అనే కార్యక్రమాన్ని నడుపుతోంది. అది 2008లో ఐఐఎస్సీ, ఐఐటీ బాంబేలతో మొదలై తర్వాత ఢిల్లీ, మద్రాసు, ఖరగ్‌పూర్, గువాహటి ఐఐటీలకు విస్తరించింది. సొంత క్లీన్‌రూమ్ (దుమ్ము చొరని ప్రయోగశాల) లేని కళాశాలల వారి కోసమే ఏర్పడిన కార్యక్రమం కాబట్టి అక్కడ "మీ దగ్గర ఏ సదుపాయం ఉంది?" అన్న ప్రశ్నకు సిగ్గుపడనక్కర్లేదు. మొదట శిక్షణ, ఆపైన ప్రతిపాదన, అది నెగ్గితే చేత్తో చేసే పని, ఇలా మెట్లుగా ఉంటుంది.

ఇండోర్‌లోని రాజా రామన్న కేంద్రంలో 2.5 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల ఇండస్-2 సింక్రోట్రాన్ (అతి తీవ్రమైన ఎక్స్‌రేలు ఇచ్చే యంత్రం) ఉంది. ఢిల్లీలోని అంతర్ విశ్వవిద్యాలయ త్వరణ కేంద్రంలో పెల్లెట్రాన్ (అయాన్లను వేగంగా ఉరికించే యంత్రం) ఉంది. కాజీపేటలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నేరుగా ఢిల్లీలో దిగుతారు. ఇటువంటి చోట ప్రతిపాదన పంపితే నిపుణుల కమిటీ పరిశీలించి పుంజం సమయం, అంటే ఆ యంత్రాన్ని వాడుకునే సమయం, కేటాయిస్తుంది. దొరికేది కొద్ది షిఫ్టులే, రాత్రీపగలూ కూర్చోవాలి. అందుకే మామూలు ఎక్స్‌రే పటాలు, సూక్ష్మదర్శిని చిత్రాలు ముందే ఇక్కడ పూర్తిచేసుకుని, ఏ నమూనాకు ఏ ప్రశ్న అన్న పట్టిక చేతిలో పట్టుకుని వెళ్ళాలి. అక్కడికి వెళ్ళాక ఏం కొలవాలో ఆలోచించేవారికి షిఫ్టు అయిపోతుంది.

నేను ఏడు వారాలున్న చోట నేర్చుకున్న ఒక చిన్న సంగతి చెబుతాను. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో పెట్టేముందు కాంక్రీటు ముక్కకు విద్యుత్తు పారే పలుచని పూత వేస్తారు, మామూలుగా బంగారం. నా మిశ్రమంలో బూడిదతోపాటు ఉక్కు పరిశ్రమలో మిగిలే స్లాగ్ కూడా ఉంది, స్లాగ్‌లో గంధకం ఉంటుంది. మూలకాల పటంలో బంగారం శిఖరం 2.12 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర, గంధకానిది 2.31 దగ్గర వస్తాయి. రెండూ ఒకదానిమీద ఒకటి పడి గంధకం ఎంతో తేలదు. పరికరం నడిపే టెక్నీషియన్ నా నమూనా వివరం చదివి, పూత వేసే యంత్రం మూత తీసేముందు ఆగి, "ఇందులో స్లాగ్ ఉందా? అయితే కార్బన్ పూత వేద్దాం" అన్నారు. అంతకుముందు కొరియర్‌లో పంపి తెప్పించుకున్న చిత్రాలన్నీ బంగారు పూతవే. ఆ ఒక్క మాటతో నా నాలుగో అధ్యాయంలోని ఒక పట్టిక మొత్తం తిరగరాశాను. అనుభవమున్న చేతుల పక్కన కూర్చోవడం వల్ల వచ్చే లాభం ఇదే, దీన్ని ఏ రుసుము పట్టికలోనూ రాయరు.

## మరో సంస్థలో ఒక సెమిస్టర్

యూజీసీ నిబంధనలు అనుమతితో ఇతర సంస్థల నుంచి కో-గైడ్‌ను తీసుకోనిస్తాయి. ఇద్దరు గైడ్‌లకు ముందునుంచి పరిచయం ఉంటే, కలిసి ఒక ప్రాజెక్టు నడుస్తుంటే ఇది అన్నింటికన్నా ఫలవంతమైన మార్గం. పరిచయం లేకుండా స్కాలర్ ఒక్కరే మధ్యవర్తిగా ఉన్నప్పుడు మాత్రం కష్టం. ఒకరు సగం చదివిన డ్రాఫ్టును మరొకరు పూర్తిగా మార్చమంటారు, ఎవరి మాటా కాదనలేని స్థితిలో స్కాలర్ నలిగిపోతారు. వెళ్ళేముందు ముగ్గురూ ఒకసారి ఆన్‌లైన్‌లో కూర్చుని ఏ అధ్యాయం ఎవరి పర్యవేక్షణలో నడుస్తుందో తేల్చుకోవాలి.

## విదేశీ ఫెలోషిప్

ఇక్కడే నమోదై ఉండి, పట్టా ఇక్కడే తీసుకుంటూ, మధ్యలో కొంతకాలం బయట పనిచేయాలనుకునేవారికి సరిపోయేవి కొన్నే ఉన్నాయి. ఫుల్‌బ్రైట్-నెహ్రూ డాక్టోరల్ రీసెర్చ్ ఫెలోషిప్ ఆరు నుంచి తొమ్మిది నెలలు అమెరికాలో ఉండనిస్తుంది. కామన్వెల్త్ స్ప్లిట్-సైట్ స్కాలర్‌షిప్ బ్రిటన్‌లో గరిష్ఠంగా పన్నెండు నెలలు. పట్టా మాత్రం మన విశ్వవిద్యాలయానిదే. జర్మనీకి వెళ్ళేవారికి ఆ దేశపు విద్యా మార్పిడి సంస్థ డాడ్ రెండు దేశాల గైడ్‌ల కింద చేసే డాక్టరేట్‌కు ప్రత్యేక సహాయం ఇస్తుంది.

వీటిలో డబ్బు ఇబ్బంది తక్కువ. గట్టిగా పట్టేది కాలం. ఆతిథ్యమిచ్చే ప్రొఫెసర్ నుంచి లేఖ తెచ్చుకోవడం, దరఖాస్తు, ఇంటర్వ్యూ, ఫలితం, వీసా, అన్నీ కలిపి విమానం ఎక్కేదాకా ఏడాదికి పైగానే పడుతుంది. అంటే రెండో ఏడు చివర మొదలుపెట్టినవారు నాలుగో ఏట వెళ్తారు, ఐదో ఏట రాసి ముగిస్తారు. నాలుగో ఏట మొదలుపెట్టినవారు ఐదో ఏడు దాటాక తిరిగి వస్తారు. అప్పటికి ఇక్కడి ఫెలోషిప్ అయిపోయి, థీసిస్ రాసే నెలలు చేతిడబ్బుతో గడపవలసి వస్తుంది. నా సహచరుల్లో ఒకరు ఈ రెండో దారిలో వెళ్ళారు. పని అద్భుతంగా చేసుకువచ్చారు. కానీ సినాప్సిస్ దాకా ఒక ప్రైవేటు కళాశాలలో పాఠాలు చెబుతూ రాత్రిపూట థీసిస్ రాయవలసి వచ్చింది.

అమెరికాకు వెళ్ళే ఫుల్‌బ్రైట్ వారు జె-1 వీసా మీద వెళ్తారు. దానితో వచ్చే షరతు ప్రకారం తిరిగి వచ్చాక రెండేళ్ళు స్వదేశంలో ఉండాలి. ఆలోగా హెచ్-1బీ మీద మళ్ళీ వెళ్ళడం కుదరదు. డాక్టరేట్ తర్వాత అమెరికాలో ఉద్యోగమే లక్ష్యమైనవారు ఈ ఒక్క అంశాన్ని ఇంట్లో కూడా మాట్లాడుకుని ముందుకు వెళ్ళాలి. మన ఊళ్ళో స్థిరపడి బోధనలోకి రావాలనుకునేవారికి ఇదేమీ అడ్డు కాదు.

ఐఐటీ బాంబే-మోనాష్, ఐఐటీ హైదరాబాద్-స్విన్‌బర్న్ వంటి, ఇక్కడి ఐఐటీ, ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయం కలిసి నడిపే జాయింట్ డాక్టరేట్‌ల గురించి చాలామంది అడుగుతారు. అవి ప్రవేశ సమయంలోనే ఎంచుకోవలసినవి. ఇప్పటికే వరంగల్‌లో కోర్సు వర్క్ పూర్తిచేసినవారు వాటికోసం వెనక్కి వెళ్ళడం నేను సమర్థించను.

## ఎవరికి ఏది

పూర్తికాల స్కాలర్, రెండో ఏడులో ఉన్నవారు: విదేశీ దరఖాస్తు ఇప్పుడే మొదలుపెట్టండి, అది వచ్చినా రాకపోయినా జాతీయ కేంద్రానికి ఒక ప్రతిపాదన పంపండి. ఒకదానికోసం రాసిన పరిశోధన ప్రణాళిక రెండోదానికి ముప్పాతిక వంతు పనికొస్తుంది.

కరీంనగర్, మంచిర్యాల, మంథని, జగిత్యాల వైపు ఇంజనీరింగ్ కళాశాలల్లో పాఠాలు చెబుతూ పార్ట్‌టైమ్‌గా చేస్తున్నవారి పరిస్థితి అందరికన్నా కష్టం. పార్ట్‌టైమ్ ప్రవేశానికే యాజమాన్యం ఎన్‌వోసీ కావాలి. దానిమీద మళ్ళీ నెలల సెలవు అడిగితే ఉద్యోగానికే ఎసరు రావచ్చు. వీరికి నా సలహా, నమూనాలు పంపడాన్ని ప్రధాన మార్గంగా పెట్టుకుని, వేసవి సెలవుల్లో మూడు నాలుగు వారాలు ఒకే జాతీయ కేంద్రంలో గడపడం. అందుకు డిసెంబరులోనే లేఖ పంపాలి, మార్చిలో అడిగితే ఆ వేసవికి చోటు దొరకదు. ఏటా రెండు సెలవులను ఒకే చోట గడిపినవారు, నాలుగు చోట్లకు వారం చొప్పున తిరిగినవారికన్నా ముందుకు పోవడం చూశాను. రెండోసారి వెళ్ళినప్పుడు అక్కడివాళ్ళకు మీ నమూనా గుర్తుంటుంది.

పెళ్ళయిన మహిళా స్కాలర్లకు ఒక నిబంధన తెలిసి ఉండాలి. పెళ్ళి వల్లగానీ ఇతర కారణాల వల్లగానీ వేరే ఊరికి మారవలసి వస్తే, పరిశోధన డేటాను అక్కడి సంస్థకు బదిలీ చేసుకునే వీలును యూజీసీ నిబంధనలు కల్పిస్తున్నాయి. అప్పటిదాకా చేసిన పనికి పాత గైడ్‌కూ పాత సంస్థకూ తగిన గుర్తింపు ఇవ్వాలి. మొత్తం వ్యవధిలో 240 రోజుల వరకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు కూడా ఉంది. భర్త ఉద్యోగం బెంగళూరులోనో పుణెలోనో ఉంటే, బదిలీకి దిగేముందు అక్కడి సంస్థలో కో-గైడ్‌ను పెట్టుకుని ఒక సెమిస్టర్ ఉండటం కుదురుతుందేమో చూడాలి. బదిలీ కాగితాలకన్నా అది తేలిక, ఇక్కడి నమోదు కూడా చెక్కుచెదరదు.

ఐదో ఏడు దాటినవారు కొత్త పర్యటన పెట్టుకోకూడదు. ఇది కటువుగా ఉంటుందని తెలుసు. పరీక్షకుడు అడగగల ఒక కొలత లోపిస్తే నమూనా పంపించి తెప్పించుకోండి, లేదా హైదరాబాద్‌లో రెండు రోజుల్లో ముగించుకోండి. దూరం వెళ్ళి తెచ్చుకున్న కొత్త డేటా కొత్త ప్రశ్నలు తెస్తుంది, వాటికి జవాబు చెప్పే సమయం మీ దగ్గర లేదు.

## వెళ్ళేముందు రాసుకోవలసినవి

ఆతిథ్య ప్రొఫెసర్‌కు పంపే మొదటి లేఖ ఒక పేజీ దాటకూడదు. నమూనా ఏమిటి, ఇప్పటికి తేలిందేమిటి, ఏ కొలత ఎన్నింటికి కావాలి, ఏ తేదీల్లో రాగలను, రుసుము ఎవరు భరిస్తారు, ఈ ఐదూ ఉంటే చాలు. "మీ మార్గదర్శకత్వంలో పనిచేయాలని నా చిరకాల కోరిక" వంటి వాక్యాలకు జవాబు రాదు. ఆయన గతంలో చేసిన ఏ పని మన నమూనాకు అక్కరకు వస్తుందో ఒక్క వాక్యంలో రాస్తే వస్తుంది.

పేపర్ మీద పేర్ల సంగతి వెళ్ళేముందే మాట్లాడుకోవాలి. రుసుము కట్టి చేయించుకున్న కొలతకు కృతజ్ఞతల్లో సంస్థ పేరు రాయడం సరిపోతుంది. ప్రయోగాన్ని రూపొందించడంలోనో ఫలితాన్ని వివరించడంలోనో ఆలోచన పంచుకున్నవారికి రచయితల జాబితాలో చోటు ఇవ్వాలి. ఈ గీత ఎక్కడ పడుతుందో ఇద్దరు గైడ్‌లకూ ఒక ఈమెయిల్‌లో రాసి, వాళ్ళ జవాబును దాచుకోండి.

తిరిగి వచ్చేముందు చివరి రెండు రోజులు కొత్త కొలతలకు వాడకండి. చిత్రాలు మాత్రమే తెచ్చుకుంటే సరిపోదు. పరికరం ఇచ్చిన అసలు ఫైళ్ళు, ఆ రోజు క్యాలిబ్రేషన్ వివరం, వాడిన వోల్టేజీ, పూత రకం, టెక్నీషియన్ నమోదు పుస్తకంలోని పేజీ ఫొటో, అన్నీ రెండు చోట్ల భద్రపరచాలి. ఆ ఫైళ్ళు అక్కడి సాఫ్ట్‌వేర్‌లో తప్ప తెరుచుకోవేమో అక్కడ ఉండగానే సరిచూసుకోవాలి, తెరుచుకోకపోతే మామూలు టెక్స్ట్ రూపంలోకి మార్పించుకోవాలి. పర్యటన ముగింపు ధ్రువపత్రం మీద తేదీలు, డీఎస్సీ మినిట్స్‌లోని తేదీలు ఒకటేనా కాదా చూసుకుని, వరంగల్ చేరిన వారంలోనే అకడమిక్ విభాగంలో ఇచ్చి రసీదు తీసుకోండి. సినాప్సిస్ రోజున ఫైలులో మొదట వెతికేది ఆ కాగితాన్నే.